బెరడు ఎక్కడికి పోయింది

ఆ ఏడు మా ఊళ్ళో క్యాబేజీకి పురుగు పట్టింది. పురుగు ప్రతి ఏడూ పడుతుంది. ఆ ఏడు మాత్రం ఆగలేదు. ఆకులన్నీ జల్లెడలైపోయాయి. వాగు పక్క మడిలో షూలియన్ వదిన నడుం వంచి ఒక్కో పురుగునీ వేళ్ళతో పట్టి డబ్బాలో వేస్తోంది. నేను కొండ దిగి వస్తూ ఆగాను.

"చేత్తో ఏరుతున్నావేంటి వదినా? బెరడు నీళ్ళు చల్లలేదా?"

"బెరడెక్కడ ఏడ్చింది మరిదీ? రెండుసార్లు బుట్ట వీపుకి తగిలించుకుని గోదాంకి పోయా. రెండుసార్లూ ఖాళీ బుట్టే ఇంటికి మోసుకొచ్చా. తెల్లకోటు దొరవి, నీకేం తెలుస్తాయిలే మా పాట్లు."

"కుప్ప లేదా?"

"పిల్లి పడుకునేంత ఉంది. అది కూడా పై తొక్కే. దాంతో పురుగు చావదు, నవ్వుతుంది."

ఇంటికి వచ్చేదాకా లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

మాది ఉరుముతీగ ఊరు. ఈ కొండ వాలు పొడుగునా అదే. దాని వేరులోని తెల్ల చెక్క కీళ్ళవాపుకి మందు. ఆ చెక్క మీద రెండు పొరల బెరడు ఉంటుంది. పైది మట్టిరంగు, లోపలిది నారింజ. లోపలిదే అసలు విషం. ఆకూ విషమే, పువ్వూ విషమే. ఆ పూలు పూసే నెలలో తీసిన తేనె మేం ముట్టం. మేకలు మాత్రం నమిలేసి హాయిగా తిరుగుతాయి. ఎందుకో మా తాతకీ తెలియదు.

వేరు ఒలిచాక చెక్క సహకార సంఘానిది, బెరడు ఊరిది. ఎప్పటినుంచో అదే పద్ధతి. ఆడవాళ్ళు వచ్చి బుట్టలకెత్తుకుపోతారు, నానబెట్టి ఆ నీళ్ళు లేత మడుల మీద చల్లుతారు, చల్లాక ఇరవై రోజులు ఆ మడి కొయ్యరు. పది కిలోల వేరు ఒలిస్తే మూడు కిలోల బెరడు రావాలి. వేరు ముదురుదైతే రెండున్నర. అంతకన్నా తక్కువ వచ్చిందంటే ఒలిచినవాడు సరిగ్గా ఒలవలేదన్నమాట. మా నాన్న నా కుప్పని చూసి కొట్టేవాడు, చెక్కని చూసి కాదు.

ఆ నెల గోదాంకి ఎనిమిది టన్నుల వేరు వెళ్ళింది. బండ్లన్నీ మా గుమ్మం ముందు నుంచే పోయాయి. నేను చూశాను. అంటే రెండు టన్నుల పైన బెరడు ఉండాలి. షూలియన్ వదిన పిల్లి పడుకునేంత అంటోంది.

బెరడు గాల్లో కలవదు. వేరు మీద నుంచి రాకపోతే వేరు మీదే ఉంటుంది. ఆ వేరు మందులోకి పోతుంది. ఆ మందు నా భార్య మింగుతోంది.

*

ఇందులో నా వాటా ఏమిటో చెప్పాలి.

రెండేళ్ళ కింద నగరం నుంచి పరిశోధన సంస్థ వాళ్ళు వచ్చారు. మా వేరు వాపుని ఎంత తగ్గిస్తుంది, మనిషికి ఎంత వరకూ మంచిది, ఈ రెండూ తేల్చాలన్నారు. ఎలుక పాదానికి సూది వేసి వాపు తెప్పిస్తారట. మా వేరు మందు తాగించి, వాపు ఎంత దిగిందో కొలుస్తారట. ఇంకొన్ని ఎలుకలకి ఎక్కువెక్కువ పోసి, వాటిని కోసి లివరు చూస్తారట. వాళ్ళలో కోంగ్ నింగ్ అనే డాక్టరమ్మ ఉంది. ముప్పై దాటి ఉండవు. మొదటిరోజే బురదలో చెప్పులు ఊడిపోతే చేత్తో పట్టుకుని కొండెక్కింది. అందుకే ఆ పిల్ల గుర్తుంది.

మొదటి ఏడు పన్నెండు మందిమి కూర్చుని అన్ని వేర్లూ చేత్తోనే ఒలిచాం. ఎలుకల వాపు దిగింది. ఎలుకలు చావలేదు. అప్పుడు మనుషుల మీద పరీక్షకి అనుమతి వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో నలభై ఆరుగురు రోగులు.

రెండో ఏడు సంఘం పెద్ద షౌటాయ్ అన్న యంత్రం తెచ్చాడు. మా పెదనాన్న కొడుకు. పెద్ద ఇనుప పీపా, లోపల ముళ్ళు, వేర్లు పోసి తిప్పితే బెరడు రాలిపోతుందన్నాడు. పీపాని వాగు అవతల కొత్త షెడ్డులో పెట్టారు. ఒలిచేవాళ్ళలో పదకొండు మందిని ఇంటికి పంపారు. నన్ను మాత్రం ఉంచారు.

"యోంగ్‌మావ్, నీ చెయ్యి యంత్రం కన్నా మేలు. ప్రతి సరుకులోంచీ ఒక సంచీ నమూనా పరీక్షకి పోవాలి. ఆ సంచీ నువ్వు చూసుకో" అన్నాడు.

నాకు విడిగా ఒక గది ఇచ్చారు. స్టూలు, మంచి దీపం, తెల్లకోటు. నమూనా వేర్లు నా ముందు పోసేవాళ్ళు. నేను మడత మడతలో కత్తిమొన పెట్టి, ఒక్క నారింజ చుక్క మిగలకుండా ఒలిచి సంచీలో వేసి, కాగితం మీద వేలిముద్ర వేసేవాణ్ణి. యంత్రం తీసిన సరుకుని ఆడవాళ్ళు మళ్ళీ చేత్తో శుభ్రం చేస్తారని చెప్పారు. నేను నమ్మాను. వాగు దాటి వెళ్ళి చూడలేదు. నూట యాభై అడుగుల దూరం. ఐదుసార్లు వేలిముద్ర వేశాను, ఒక్కసారీ వాగు దాటలేదు. తెల్లకోటు వేసుకుని ఊళ్ళోంచి నడుస్తుంటే బాగుండేది, అదీ సంగతి.

యూచున్ ఆ కోటుని చూసి, "పళ్ళు పీకే డాక్టరులా ఉన్నావ్. నా పన్ను జోలికి రాకు" అనేది.

యూచున్ నా భార్య. పదకొండేళ్ళుగా ఆమె వేళ్ళ కణుపులు అల్లం దుంపల్లా ఉబ్బిపోయాయి. అంతకు ముందు ఈ లోయలో ఆమె నూరిన టీకి పేరుండేది. గరుకు గిన్నెలో టీ ఆకు, నువ్వులు, వేరుశనగలు వేసి కర్రతో గుండ్రంగా నూరడం మా దగ్గర ప్రతి ఇంటి ఆడదానికీ వచ్చు. ఆమె నూరితే మాత్రం నూనె పైకి తేలి పాలలా వచ్చేది. పదకొండేళ్ళు ఆ కర్ర మూల నిలబడి ఉంది. నేను ఒలిచిన వేరు కాచి ఇస్తే నొప్పి కొంచెం తగ్గేది. మూడు నెలలు తాగడం, ఒక నెల ఆపడం. బొత్తాలు మాత్రం నేనే పెట్టేవాణ్ణి.

ఆ నలభై ఆరుగురిలో యూచున్ ఒకతె. వేరు మందు నింపిన గొట్టం బిళ్ళలు రోజుకి నాలుగు. ఏడు వారాలకి పిడికిలి మూసింది. శరదృతువు పున్నమి పండక్కి మూల నుంచి కర్ర తీసి, వీధి మొత్తాన్నీ పిలిచి టీ నూరింది. గిన్నెలో కర్ర తిరుగుతున్న చప్పుడు వింటూ నేను గుమ్మంలో నిలబడ్డాను. మా వేరు, నా చెయ్యి అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె నోట్లో పుళ్ళు లేచాయి. దువ్వెనకి జుట్టు గుత్తులుగా వచ్చింది. ఆసుపత్రిలో రక్తం చూసి కొంచెం తక్కువుంది, ఫర్వాలేదన్నారు. షూలియన్ వదిన పురుగులు ఏరుతున్న రోజుకి యూచున్ గంజి తప్ప ఏదీ మింగలేకపోతోంది.

*

నేను వాగు దాటాను.

షెడ్డులో ఆడవాళ్ళెవరూ లేరు. పీపా ఒక్కటే తిరుగుతోంది. దాని నోట్లోంచి పడుతున్న వేర్లు దూరానికి తెల్లగా, నున్నగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వేరు వంకర తిరిగినచోట, చీలినచోట, మడతపడినచోట నారింజ పొర అలాగే ఉంది. పీపా ముళ్ళు బయటివైపు గీకాయి, సందుల్లోకి వెళ్ళలేదు. మా వేరు మొత్తం సందులే. గోరుతో గీరితే ఊడి వచ్చింది.

షౌటాయ్ అన్న వెనకనుంచి వచ్చాడు.

"ఏంట్రా ఇటొచ్చావ్? కోటు మాసిపోతుంది."

"శుభ్రం చేసేవాళ్ళు ఏరీ?"

"వాళ్ళతో ఆలస్యమవుతోందిరా. ఆసుపత్రివాళ్ళు తొందరపెడుతున్నారు."

"ఈ నారింజ పొర కనిపించట్లేదా నీకు?"

"ఏదో కొంచెం ఉంటుందిలే."

"కొంచెమా? ఎనిమిది టన్నులకి రెండు టన్నులు కుప్ప పడాలి. ఎంత పడింది? ఆ మిగతాది ఎక్కడుంది? చెప్పన్నా, ఎక్కడుంది?"

ఆయన పీపా ఆపాడు. చప్పుడు పోయేసరికి నా గొంతు ఎంత పైకి లేచిందో నాకే తెలిసింది.

"అరవకు. పరీక్షలో నెగ్గింది కదరా సరుకు. ఐదుసార్లు నెగ్గింది."

"నెగ్గింది నేను ఒలిచింది! మింగుతున్నది ఇది!"

"అయితే ఏమైంది? పొర కొంచెం ఉంటే మందు గట్టిగా పనిచేస్తుంది. మీ నాన్నకీ తెలుసు, మా నాన్నకీ తెలుసు. నీ పెళ్ళాం పదకొండేళ్ళు నీ కషాయం తాగింది, చెంచా పట్టిందా? పండగనాడు టీ నూరింది. ఆ టీ ఎవరు నూరారనుకుంటున్నావ్? నా యంత్రం నూరింది."

నా చేతిలో వేరు ఉంది. దాంతో కొట్టి ఉండేవాణ్ణి. కొట్టలేదు, ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆమె చేతుల వాపు నిజంగానే దిగింది. వాపు దింపేదీ అదే, ప్రాణం తీసేదీ అదే. అది తెలిసినవాళ్ళే మా ఊళ్ళో పెద్దలు, వాళ్ళే కత్తులు పట్టి రోజంతా మడతలు గీకారు. తెలియని నగరంవాడు పొర ఉంచితే పొరపాటు అనుకోవచ్చు. ఈయన ఈ వేరు మీదే పుట్టాడు.

*

ఇంట్లో యూచున్ ఒప్పుకోలేదు.

"మానేయమంటావా? సరే. మానేస్తాను. రేపట్నుంచి నా జడ నువ్వు వెయ్యి, నా బొత్తాలు నువ్వు పెట్టు, నా ముక్కు నువ్వు చీదు."

"పదకొండేళ్ళు పెట్టాను. పెడతాను."

"నాకొద్దు! నా బొత్తాలు నేను పెట్టుకుంటున్నా, ఇన్నాళ్ళకి! నోట్లో పుళ్ళదేముంది, పోతాయి. ఏం తెలుసని మాట్లాడుతున్నావ్? నువ్వేమన్నా డాక్టరువా? కోటు ఇస్తే నిజంగానే డాక్టరనుకుంటున్నావా?"

నేను ఆరో తరగతి దాకా చదివాను. ఆమె రక్తంలో ఏముందో నాకు చదవడం రాదు. నాకు వచ్చింది బెరడు ఒక్కటే.

ఆమె మందు డబ్బాలోంచి పది గొట్టాలు తీసి విప్పి ఒక బకెట్టు నీళ్ళలో కలిపాను. ఇంకో బకెట్టులో నేను ఒలిచిన వేరు కాచిన నీళ్ళు పోశాను. ఆమె మడిలోనే, ఆమె చూస్తుండగానే, మొదటి వరస మీద ఒకటి, మూడో వరస మీద ఒకటి చల్లాను. నడుమ వరస వదిలేశాను.

"నా క్యాబేజీల మీద పడ్డావేంటి ఇప్పుడు?" అంది. అయినా లోపలికి పోలేదు.

పొద్దున ఆమే ముందు లేచి మడిలోకి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి మొదటి వరస దగ్గర కూర్చుని ఉంది. పురుగులు ఆకుల అంచున వంకర తిరిగి వేలాడుతున్నాయి. కొన్ని రాలిపోయాయి. మూడో వరసలో అవి తింటూనే ఉన్నాయి. నమిలే చప్పుడు వినిపిస్తోంది.

యూచున్ చచ్చిన పురుగునొకదాన్ని వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆ వేళ్ళు సన్నగా, తిన్నగా ఉన్నాయి.

"అయితే నేను క్యాబేజీనన్నమాట" అంది.

తర్వాత లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తనే బిగించింది, గట్టిగా.

*

ఆ డబ్బా తీసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ వెనక ఉన్నావిడకి మొత్తం చెప్పాను. బెరడు, పీపా, పురుగులు, అన్నీ. ఆవిడ మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి పక్కావిడతో, "క్యాబేజీ పురుగులంట" అంది. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు.

"పెద్దాయనా, సరుకు ప్రతిసారీ పరీక్ష చేస్తారు. అన్నీ నెగ్గాయి. ఇదిగో చూడు."

కాగితం కిటికీలోంచి బయటికి జరిపింది. పైన సంస్థ ముద్ర. కింద నమూనా తయారుచేసినవారు అని ఉండి, పక్కన ఎర్రటి వేలిముద్ర. నడుమ ఒక వంకర గీత, పాత కత్తి గాటు. నా బొటనవేలు.

"ఇది ఎవరిదో కనుక్కో, వెళ్ళి వాణ్ణి అడుగు" అంది ఆవిడ.

నేను వేలు చూపించలేదు. చేతిని జేబులో పెట్టుకున్నాను. బస్సు ఎక్కాక కూడా తియ్యలేదు. తిట్టడానికి షౌటాయ్ అన్న ఉన్నాడు, ఆ కిటికీ ఆవిడ ఉంది. ఆ దారి పొడుగునా నేను తిట్టుకున్నది మాత్రం ఆ వేలినే.

నమూనా సంచీ మీద ఉన్న పరిశోధన సంస్థ ఫోను నంబరుకి చేశాను. ఎవరో ఎత్తి, రాసి పంపమన్నారు. రాసి పంపాను. రెండు వారాలు జవాబు రాలేదు.

తర్వాత ఆరో నమూనా వచ్చింది.

నా గదిలో వేర్లు కుప్ప పోసి ఉన్నాయి. కోటు మేకుకి వేలాడుతోంది. నేను కోటు వేసుకోలేదు, కత్తి తియ్యలేదు. ఖాళీ సంచీ పట్టుకుని వాగు దాటాను. పీపా నోటి దగ్గర నిలబడి, పడుతున్న వేర్లని పడుతున్నట్టే సంచీలోకి పట్టాను. ఏరలేదు. మంచివీ ఏరలేదు, చెడ్డవీ ఏరలేదు. నిండాక తెచ్చి నా గదిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేశాను. ఐదుసార్లు అబద్ధం వేసిన వేలితో ఒక్క నిజం వేశాను.

షౌటాయ్ అన్న వచ్చి సంచీ మూతి కట్టి సీలు వేశాడు. విప్పి చూడలేదు.

"ఈ ఊళ్ళో నేను తెరిచి చూడని సంచీ నీదొక్కటేరా" అన్నాడు. కోపం పోయిందా అన్నట్టు భుజం తట్టాడు.

నేను భుజం కదిపి ఆ చెయ్యి దులిపేశాను.

పరీక్షకి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజులూ మిగతా నలభై ఐదుగురూ రోజుకి నాలుగు చొప్పున మింగుతూనే ఉన్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. తెలిసుంటే ఇంటింటికీ పోయి డబ్బాలు గుంజుకునేవాణ్ణి. ఆసుపత్రి గేటు దగ్గర రెండు రోజులు నిలబడి, వేళ్ళు వంకరగా ఉన్న ప్రతివాళ్ళకీ చెప్పాను. ఇద్దరు విన్నారు. మూడో రోజు కాపలావాడు నన్ను బయటికి నెట్టాడు.

*

పంతొమ్మిదో రోజున డాక్టరమ్మ నింగ్ వచ్చింది. కారు దిగి తిన్నగా నా గదికి వచ్చింది. వెనకే షౌటాయ్ అన్న, చెమటలు కక్కుతూ.

"బాబాయ్, ఏం చేశారు ఈసారి?" అంది. మొహం పాలిపోయి ఉంది. "వాపు తగ్గింది, ఎప్పటికన్నా ఎక్కువే తగ్గింది. కానీ సగం ఎలుకలు చచ్చిపోయాయి. మిగిలినవాటి లివరు చూడలేకపోయాను. ఐదుసార్లు బాగా వచ్చింది కదా. ఈసారి వేరుగా ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదు."

"నిజం చెప్పండి బాబాయ్."

"నిజమే చెప్తున్నానమ్మా. ఈసారి నేను ఏమీ చెయ్యలేదు. అదే తేడా."

షౌటాయ్ అన్న అందుకున్నాడు. "వాడికి పని చాతకావట్లేదు డాక్టరుగారూ. వయసు మీద పడింది. కళ్ళు కనపడవు. పొర వదిలేసుంటాడు."

"కళ్ళు కనపడతాయో లేదో అవతలికి రా, చూపిస్తా" అన్నాను.

డాక్టరమ్మని వాగు దాటించాను. ఆ పిల్ల ఈసారి కూడా చెప్పులు చేత్తోనే పట్టుకుంది. పీపా చూపించాను. పక్కన కుప్ప చూపించాను. త్రాసు లాక్కొచ్చి ఆమె ముందే కుప్పని తూచాను. నూట పది కిలోలు. వేర్ల లెక్క ఆమె అడగనక్కర్లేదు, గోడ మీద సుద్దతో రాసే ఉంది, సంఘంవాళ్ళ రాతే. ఎనిమిది టన్నులు.

"పదికి మూడు రావాలమ్మా. ఎక్కడుందో మీరే చెప్పండి."

ఆమె సుద్ద రాత చూసింది, కుప్ప చూసింది. ఒక వేరు తీసుకుని, మడతలో గోరు పెట్టి గీరింది. గోటికి నారింజ అంటుకుంది. అక్కడే బస్తా మీద కూర్చుంది.

"మరి ఆ ఐదు నమూనాలు?"

"నావి. కత్తితో ఒలిచినవి. ఈ సరుకుకీ వాటికీ సంబంధం లేదు."

"ఆ మాట మీకు అప్పుడు తెలుసా?"

"వాగు దాటి చూడలేదు. చూసుంటే తెలిసేది."

ఆమె ఫోను తీసి ఆసుపత్రికి చేసింది. మందు ఆపమంది, ఈ గంటే ఆపమంది. అవతల ఎవరో రాసి పంపమన్నారు కాబోలు. "రాయడానికి టైము లేదు! ఆపండి ముందు!" అని అరిచింది. ఆ అరుపు విని ఆ పిల్ల మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. నా ఉత్తరం సంగతి అడిగితే చూడనేలేదంది. నిజమో కాదో నాకు తెలియదు.

తర్వాత ఒక కాగితం రాసింది. ముందటి ఐదు నమూనాలూ పీపా సరుకులోంచి తీసినవి కావని, విడిగా చేత్తో ఒలిచినవని. నా ముందు పెట్టింది.

షౌటాయ్ అన్న నా చెవి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "యోంగ్‌మావ్, వేలు వేశావా, నువ్వూ దోషివే అవుతావ్. నేనొక్కణ్ణే పోను. ఈ కొండ వేరు ఇక ఎవడూ కొనడు. ఊరు ఊరంతా నీ మొహాన ఉమ్ముతుంది. ఆలోచించుకో తమ్ముడూ" అన్నాడు.

"నేను దోషినే" అన్నాను గట్టిగా, అందరికీ వినపడేట్టు. వేలు ఎర్రసిరాలో అద్ది, కత్తి గాటు స్పష్టంగా పడేట్టు నొక్కాను.

*

గోదాంలో ఉన్న ఎనిమిది టన్నులూ మళ్ళీ చేత్తో ఒలవాలని ఉత్తర్వు వచ్చింది. మందుకి కాదు, విషాన్ని వేరు చేసి తూచి రుజువు చూపడానికి. ఇంటికి పంపిన పదకొండు మందినీ పిలిచారు. నెల పట్టింది. ఒక్కడూ నాతో మాట్లాడలేదు. కత్తుల చప్పుడు తప్ప ఏమీ లేదు. బెరడు కుప్ప రోజురోజుకీ లేచి, కిటికీ అంచు దాటింది. తూస్తే రెండు టన్నుల నలభై కిలోలు వచ్చింది. షూలియన్ వదిన బుట్టతో వచ్చి, దాన్ని చూసి, నింపుకోకుండానే నిలబడిపోయింది.

"ఇదంతా మనుషుల కడుపులోకి పోయేదా మరిదీ?" అంది.

"ఇది ఇంకా పోనిది. పోయింది వేరే" అన్నాను.

నలభై ఆరుగురిలో ఇద్దరు నగరం ఆసుపత్రిలో ఉన్నారు. యూచున్ ఇంట్లోనే ఉంది. రక్తం మళ్ళీ మామూలుకి వచ్చేదాకా ఏ మందూ వద్దంది డాక్టరమ్మ. నా కషాయం కూడా వద్దంది. "మీరు ఒలిచింది మంచిదే కావచ్చు బాబాయ్. ఎంత మంచిదో ఇంతవరకూ ఎవరూ మనిషిలో కొలవలేదు" అంది. కోపమొచ్చింది గానీ, ఆ మాట నిజం.

చలి మొదలయ్యేసరికి యూచున్ వేళ్ళు మళ్ళీ అల్లం దుంపలయ్యాయి. రోజూ పొద్దున పడకలో పిడికిలి మూసి చూసుకుంటుంది. ముందు మూసింది, తర్వాత సగం మూసింది, ఇప్పుడు వేళ్ళు కదులుతాయి అంతే. నేను నిద్ర నటిస్తాను.

ఒకరోజు మధ్యాహ్నం నాకు కర్ర ఇచ్చి గిన్నె ముందు కూర్చోబెట్టింది.

"నూరు."

నూరాను.

"అలా కాదు. దంచుతున్నావేంటి, గిన్నె పగిలిపోతుంది. తిప్పు. కోపం గిన్నె మీద తీర్చుకోకు. నువ్వులు ఏం చేశాయ్ నీకు?"

తిప్పుతుంటే గుమ్మంలో నీడ పడింది. షౌటాయ్ అన్న. మా దగ్గర టీ నూరే చప్పుడు విని గుమ్మం ఎక్కినవాడికి, శత్రువైనా సరే, గిన్నె ఇవ్వాలి, అందుకున్నవాడు తాగి తీరాలి. ఆయనకి తెలుసు. అందుకే ఆ వేళ చూసి వచ్చాడు. చేతిలో ఏదో కాగితం ఉంది. నన్ను మాట మార్చమని అడగడానికే అయ్యుంటుంది.

నేను లేవబోయాను. యూచున్ నా భుజం మీద మోచేయి నొక్కి కూర్చోబెట్టింది. నూరినది కొంచెం వేరే గిన్నెలోకి తీసి వేడినీళ్ళు నన్ను పొయ్యమంది. ఆ గిన్నెని మాత్రం తనే రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తింది. వేళ్ళు వంగవు కాబట్టి గిన్నె వణికింది. టీ అంచు దాటి ఆమె మణికట్టు మీద పడింది. వేడిది. ఆమె వదల్లేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి ఆయన మొహం ముందుకి చాచింది.

"తీసుకోండి బావగారూ. ఈసారి నా మొగుడు నూరాడు. మీ యంత్రం నూరినంత బాగుండదు."

ఆయన తీసుకోవాల్సి వచ్చింది. తీసుకుంటుంటే ఆమె వేళ్ళు ఆయన వేళ్ళకి తగిలాయి. గిన్నె చేతికొచ్చాక ఆయన తాగలేదు, కింద పెట్టడానికీ లేదు. చేతిలోని కాగితం తడిసింది.

"తాగండి" అంది యూచున్.

నేను కర్ర పట్టుకుని మళ్ళీ నూరడం మొదలుపెట్టాను. ఆమె చెప్పినట్టే, దంచకుండా, గుండ్రంగా.